తక్కువ ఖర్చులో మంచి గిటార్ టోన్: యాంపు, ప్రాసెసర్, పెడల్ – ఏది ముందు?

ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకోవాలనుకునేవారు దుకాణంలో మొదట చూసేది గిటార్‌నే. రంగు నచ్చి, పేరు నచ్చి, చేతిలో ఉన్న డబ్బులో ముప్పావు వంతు దానికే పెట్టి, మిగిలినదానితో దుకాణదారు చూపించిన అతి చిన్న యాంపును (గిటార్ సిగ్నల్‌ను పెంచి స్పీకరులో వినిపించే పెట్టెను) ఇంటికి తెచ్చుకుంటారు. రెండు వారాలు గడిచేసరికి, తాము విన్న పాటల్లోని నిండైన ధ్వని తమ గదిలో ఎందుకు పలకడం లేదన్న అసంతృప్తి మొదలవుతుంది. దానికి మందుగా ఒక డిస్టార్షన్ పెడల్ (కాలితో నొక్కి ధ్వనిని గరుకుగా మార్చే చిన్న పెట్టె) కొంటారు. అది వచ్చాక గరగర ఇంకా పెరుగుతుంది. నేనూ ఈ దారిలోనే నడిచి డబ్బు పోగొట్టుకున్నవాణ్ణి కనుక, ఈ కొనుగోలు వరుసను తిరగేయమని సలహా ఇస్తున్నాను. ధ్వని ఎక్కడి నుంచి గదిలోకి వస్తుందో ముందు తేల్చుకుని, ఆ కొస నుంచి గిటార్ వైపు రావాలి. విడి పెడళ్ల సంగతి అన్నిటికంటే చివర చూసుకోవచ్చు.

దీనికి కారణం గిటార్ స్పీకరు స్వభావంలో ఉంది. పాటలు వినడానికి ఇంట్లో పెట్టుకునే స్పీకర్లు మంద్రం నుంచి తారం దాకా అన్నిటినీ వీలైనంత సమానంగా వినిపించడానికి తయారవుతాయి. గిటార్ స్పీకరు సుమారు 5 కిలోహెర్ట్‌జ్ దాటాక చాలా వేగంగా పలచబడిపోతుంది. డిస్టార్షన్ అంటే సిగ్నల్ శిఖరాలను కత్తిరించడం; అలా కత్తిరించినప్పుడు మూలస్వరం మీద ఎన్నో కొత్త హార్మోనిక్‌లు (అనుస్వరాలు) పుట్టుకొస్తాయి; వాటిలో పైనుండే గరుకైనవాటిని ఈ స్పీకరే జల్లెడ పట్టి ఆపేస్తుంది. అదే సిగ్నల్‌ను నేరుగా హోమ్ థియేటర్‌లోకి పంపితే, గిటార్ ఎంత ఖరీదైనదైనా చెవిలో జోరీగ దూరినట్టే ఉంటుంది. 1964లో ది కింక్స్ బృందపు గిటారిస్టు డేవ్ డేవీస్ ఎల్పికో అనే చిన్న, చవక యాంపు స్పీకరు కోన్‌ను రేజర్ బ్లేడుతో చీల్చి రికార్డు చేసిన మోటు ధ్వని రాక్ సంగీతంలో ఒక మలుపుగా నిలిచింది. ఆయన చెయ్యి పెట్టింది స్పీకరు మీద, గిటార్ మీద కాదు. బ్లేడు తీసుకుని బయలుదేరమని నా ఉద్దేశం కాదు గాని, ఆ కొసకు ఎంత బలం ఉందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అపార్ట్‌మెంటులో వాయించేవారికి

గోడకు అవతల పక్కింటివారు నిద్రపోయే చోట వాయించేవారికి యాంపు వాట్ల లెక్క తికమక పెడుతుంది. శక్తి పది రెట్లు పెరిగితేగాని ధ్వని మన చెవికి సుమారు రెట్టింపుగా తోచదు. కాబట్టి 10 వాట్ల యాంపుకూ 50 వాట్ల యాంపుకూ మధ్య తేడా కాగితం మీద కనిపించినంత పెద్దది కాదు. టోన్ విషయంలో ఎక్కువ తేడా తెచ్చేది స్పీకరు కొలత, అది బిగించిన పెట్టె పరిమాణం. ఫెండర్ ఫ్రంట్‌మ్యాన్ 10జి, వాక్స్ పాత్‌ఫైండర్ 10 వంటి 10 వాట్ల యాంపుల్లో ఆరు, ఆరున్నర అంగుళాల స్పీకర్లుంటాయి. వీటిలో డిస్టార్షన్ లేని క్లీన్ ధ్వని బాగానే పలుకుతుంది. పాత్‌ఫైండర్‌లో అయితే ముద్దుగానే ఉంటుంది. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) పెంచగానే అడుగు లేని కుండలా డొల్లగా వినిపిస్తాయి. ఆరెంజ్ క్రష్ 20, ఫెండర్ మస్టాంగ్ ఎల్‌టి25 యాంపుల్లోని ఎనిమిది అంగుళాల స్పీకరు దీనికంటే ఒక మెట్టు పైన ఉంటుంది. క్రష్‌లో నాబ్‌లు తక్కువ, ధ్వనికి స్వభావం ఎక్కువ. మస్టాంగ్‌లో రకరకాల యాంపుల అనుకరణలు, ఎఫెక్టులు, హెడ్‌ఫోన్ సదుపాయం ఉన్నాయి. ఒకటే శైలి వాయించేవారికి క్రష్ చాలు. ఇంకా ఏ శైలీ తేల్చుకోనివారికి మస్టాంగ్ మేలు.

వీటికంటే కొంత ఎక్కువ పెట్టగలిగితే నా ఓటు బాస్ కటానా 50కే. అందులో పన్నెండు అంగుళాల స్పీకరు ఉంది. వెనక్కి అమ్ముకోవాలన్నా కొనేవారు దొరుకుతారు. ముఖ్యంగా పవర్‌ను 50, 25, 0.5 వాట్లకు మార్చుకునే స్విచ్ ఉంది. అర వాటు దగ్గర పెట్టి మాస్టర్ వాల్యూమ్ పెంచితే, పక్కవారిని లేపకుండా యాంపు ఒళ్లు విరుచుకున్న అనుభూతి దక్కుతుంది. బ్లాక్‌స్టార్ ఫ్లై 3 వంటి మూడు అంగుళాల బుల్లి యాంపులు ప్రయాణాలకు సరదాగా ఉంటాయి. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క యాంపు అదే కావడం మాత్రం నేను సమర్థించను.

ఏ యాంపు కొన్నా, దాన్ని నేల మీద పెట్టి ఎదురుగా నిలబడి వాయించేవారు తమ అసలు టోన్‌ను ఎప్పుడూ విననట్టే. తీక్షణమైన ధ్వని స్పీకరు నుంచి టార్చిలైటులా సూటిగా పోతుంది. అది మోకాళ్లకు తగులుతుంది గాని చెవులకు చేరదు. చేరలేదు కదా అని ట్రెబుల్ పెంచుతారు; ఎదురుగా కూర్చున్నవారు చెవులు మూసుకుంటారు. యాంపును ఒక కుర్చీ మీదికి ఎత్తండి, లేదా వెనక్కి వాల్చి చెవివైపు తిప్పండి. పైసా ఖర్చు లేని ఈ మార్పు తెచ్చినంత తేడాను కొన్ని పెడళ్లు కూడా తేలేవు.

మిక్సర్‌లోకి నేరుగా వాయించేవారికి

తెలుగునాట చర్చి ఆరాధనల్లోనూ, కాలేజీ ఉత్సవాల్లోనూ, పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ వాయించేవారి పరిస్థితి వేరు. అక్కడ చాలాచోట్ల వేదిక మీద గిటార్ యాంపు ఉండదు. సౌండ్ అతను ఒక జాక్ అందించి గుచ్చుకోమంటాడు. మామూలు మిక్సర్ లైన్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) సుమారు 10 కిలో ఓమ్‌ల స్థాయిలో ఉంటుంది. గిటార్ పికప్‌కు (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు భాగానికి) సుమారు ఒక మెగా ఓమ్ కావాలి. అందువల్ల గిటార్‌ను నేరుగా గుచ్చితే తీగల మెరుపంతా పోయి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. మధ్యలో డిస్టార్షన్ పెడల్ ఒక్కటే ఉంటే ఆ సమస్య తీరుతుంది గాని, జల్లెడ పట్టే గిటార్ స్పీకరు లేదు కనుక జోరీగ మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

వీరికి యాంపు కంటే ప్రాసెసర్ సరైన కొనుగోలు. యాంపును, స్పీకరు క్యాబినెట్‌ను, ఎఫెక్టులను ఒకే పెట్టెలో అనుకరించే ఈ పరికరాల్లో చవకైన శ్రేణిలో ఎక్కువగా కనిపించేవి జూమ్ జి1 ఫోర్, బాస్ జిటి-1, వాలెటాన్ జిపి-100, ఎన్‌యుఎక్స్ ఎంజి-30. జూమ్ వీటిలో సులువైనది; నేర్చుకునేవారికి లూపర్ (వాయించినదాన్ని రికార్డు చేసి మళ్లీ మళ్లీ వినిపించేది), డ్రమ్ములు కూడా దొరుకుతాయి. జిటి-1 బ్యాటరీలతోనూ నడుస్తుంది. కరెంటు మీద నమ్మకం లేని ఊళ్లలో ఇది చిన్న సుగుణం కాదు. కానీ ఈ రెండింటిలోకీ బయటి ఐఆర్ ఫైళ్లను ఎక్కించుకోలేం. ఒక అసలు స్పీకరు, మైకు కలిసి ధ్వనిని ఎలా మారుస్తాయో కొలిచి దాచిన నమూనానే ఐఆర్ అంటారు. ప్రాసెసర్ ధ్వనిలోని కృత్రిమత్వాన్ని తగ్గించడంలో దీనికి సాటి మరొకటి లేదు. జిపి-100, ఎంజి-30 రెండింటిలోనూ ఆ సదుపాయం ఉంది; రెండూ యుఎస్‌బి ద్వారా రికార్డింగుకూ పనికివస్తాయి. ఆరాధన గీతాల్లో వినిపించే ఆ పరచుకుపోయే డిలే (కాస్త ఆగి తిరిగి వినిపించే ప్రతిధ్వని) కావాలనుకునేవారు పాట టెంపో నిమిషానికి 120 బీట్లు అయితే డిలేను 375 మిల్లీసెకన్లకు పెట్టి చూడండి. ఇదే పనిని విడి డిలే పెడల్, విడి రివర్బ్ (గది మోత) పెడల్, వాటికో పవర్ సప్లై కొని చేయబోతే ప్రాసెసర్ ధర దాటిపోవడం ఖాయం.

ప్రాసెసర్ మీద జనం చేసే ఫిర్యాదుల్లో సగం ఒకే పొరపాటు నుంచి పుడతాయి. మిక్సర్‌లోకి, హెడ్‌ఫోన్‌లోకి పంపేటప్పుడు క్యాబినెట్ అనుకరణ ఉండాలి; గిటార్ యాంపులోకి పంపేటప్పుడు దాన్ని తీసేయాలి. తీయకపోతే స్పీకరు మీద స్పీకరు పెట్టినట్టయి ధ్వని మూగబోతుంది. ఫ్యాక్టరీ ప్రీసెట్లను (ముందే అమర్చి పంపిన సెట్టింగులను) కూడా నమ్మకండి. దుకాణంలో ఒంటరిగా విన్నప్పుడు మురిపించడానికి వాటిలో గెయిన్, రివర్బ్ రెండూ మోతాదు మించి పోస్తారు.

మంచి ల్యాప్‌టాప్ ఉన్నవారికి మూడో దారి ఒకటుంది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో వంటి ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి కొని, ఉచితంగా దొరికే న్యూరల్ యాంప్ మోడలర్‌లో వాయిస్తే, పైన చెప్పిన చాలా యాంపులకంటే నిండైన ధ్వని హెడ్‌ఫోన్లలో వస్తుంది. విండోస్‌లో ఏఎస్ఐఓ డ్రైవర్ (ఆడియో ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) వాడకపోతే తీగ మీటిన క్షణానికీ వినిపించే క్షణానికీ మధ్య ఎడం తెలిసిపోతుంది. గిటార్ తీసిన ప్రతిసారీ కంప్యూటర్ తెరవాలన్న బద్ధకమే ఈ పద్ధతికి అసలు శత్రువు; నా విషయంలో ఆ బద్ధకమే గెలిచింది.

గిటార్ ఎంపిక

ఇక్కడ మొదట తేల్చుకోవలసింది పికప్. సింగిల్ కాయిల్ పికప్ స్వచ్ఛంగా, గలగలమని పలుకుతుంది. దానితోపాటు కరెంటు తీగల 50 హెర్ట్‌జ్ హమ్‌ను కూడా మోసుకొస్తుంది. గిబ్సన్ కోసం సెత్ లవర్ రూపొందించిన హంబకర్‌లో రెండు కాయిళ్లు ఒకదాని హమ్‌ను మరొకటి రద్దు చేస్తాయి. ధ్వని లావుగా, గుండ్రంగా ఉంటుంది. మన ఇళ్ల వైరింగును దృష్టిలో పెట్టుకుంటే, మొదటి గిటార్‌గా బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర హంబకర్, మిగతా రెండు చోట్ల సింగిల్ కాయిల్ ఉన్నదాన్ని ఎంచుకోవడం తెలివైన పని. ఈ కోవలో యమహా పసిఫికా 112వి నా మొదటి ఎంపిక. టోన్ నాబ్‌ను పైకి లాగితే దాని హంబకర్‌లో ఒక కాయిల్ మాత్రమే పనిచేస్తుంది. పికప్‌లు ఆల్నికో (ఒక లోహ మిశ్రమం) అయస్కాంతాలతో చేసినవి. అంత పెట్టలేనివారికి పసిఫికా 012 ఉంది. ఆ కాయిల్ మార్పిడి అందులో లేదు, కానీ మెడ, ట్యూనింగ్ నిలకడ విషయంలో అది నిరాశపరచదు.

ఫెండర్ వారి స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) ధ్వనే కావాలన్నవారి ముందు స్క్వైర్ అఫినిటీ, స్క్వైర్ క్లాసిక్ వైబ్ అని రెండున్నాయి. అఫినిటీ పికప్‌లలో సెరామిక్ అయస్కాంతం, క్లాసిక్ వైబ్‌లో ఆల్నికో వాడతారు. రెండో దాని ధర గణనీయంగా ఎక్కువే. ఆ తేడా క్లీన్ ధ్వనిలో వినిపిస్తుంది, డిస్టార్షన్ పెంచాక దాదాపు మాయమవుతుంది. కనుక గెయిన్ ఎక్కువ పెట్టి వాయించేవారు అఫినిటీ కొని మిగిలిన డబ్బును యాంపు మీద పెట్టడం మేలు. ఎపిఫోన్ లెస్ పాల్ రకాల స్కేలు (తీగ పలికే పొడవు) సుమారు 628 మిల్లీమీటర్లు. స్ట్రాట్ రకాలది 648. పొట్టి స్కేలు మీద తీగ మెత్తగా వంగుతుంది కాబట్టి గమకాలు పలికించాలనుకునేవారు దీన్ని తప్పక చేతిలోకి తీసుకుని చూడాలి. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్ మీద జంట తీగలకు బదులు ఐదు ఒంటి తీగలు, పికప్ పెట్టుకుని కర్ణాటక సంగీతాన్ని పలికించారన్నది ఇక్కడ గుర్తుంచుకోదగినది. వంగే తీగ, నిలిచే నాదం రెండూ ఉంటేనే గమకం కుదురుతుంది. గమకాలు కోరేవారు 10–46 తీగలకు బదులు ఇంకా సన్నని 9–42 సెట్టు వేసుకోవచ్చు (ఈ అంకెలు తీగల మందాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతాయి).

కలప పేరు చూసి మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకండి. క్వీన్ బృందపు గిటారిస్టు బ్రయన్ మే తన తండ్రితో కలిసి 1963లో పాత ఫైర్‌ప్లేస్ కలపతో మొదలుపెట్టి ఇంట్లోనే చేసుకున్న గిటార్‌నే ప్రధానంగా వాయిస్తూ వచ్చారు. చవక గిటార్లలో ఫ్లాయిడ్ రోజ్ తరహా తేలియాడే లాకింగ్ బ్రిడ్జ్ ఉన్నవాటిని పూర్తిగా మానుకోండి. అవి శ్రుతిలో నిలవవు, తీగ మార్చడం ఒక పూట పని.

సెటప్ – అందరూ వదిలేసే ఖర్చు

చవక గిటార్‌కూ ఖరీదైన గిటార్‌కూ మధ్య కనిపించే దూరంలో పెద్ద వాటా, ఫ్యాక్టరీలో ఎవరూ ఓపిగ్గా చేయని పనిది. పన్నెండో ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) దగ్గర తీగ ఎత్తు సన్న తీగకు ఒకటిన్నర, లావు తీగకు రెండు మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉండాలి. పన్నెండో ఫ్రెట్ నొక్కి పలికించిన స్వరం, అక్కడే హార్మోనిక్‌గా పలికించిన స్వరం ఒకటిగా వినిపించాలి. నొక్కినది హెచ్చుగా ఉంటే బ్రిడ్జ్ మీద ఆ తీగ శాడిల్‌ను (తీగ ఆనే చిన్న దిమ్మెను) వెనక్కి జరపాలి. తీగను వంచినప్పుడు టిక్కుమని శబ్దం వచ్చి శ్రుతి తప్పితే నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడిలో పెన్సిల్ రజను రుద్ది చూడండి.

పికప్ ఎత్తును సవరించడం వీటన్నిటికంటే సులువు; దీని ఫలితం నేరుగా టోన్‌లోనే వినిపిస్తుంది. చివరి ఫ్రెట్ నొక్కిపట్టి చూసినప్పుడు సింగిల్ కాయిల్ పికప్‌కూ తీగకూ మధ్య లావు తీగవైపు 2, సన్న తీగవైపు 1.6 మిల్లీమీటర్ల దూరం ఉండేలా మొదలుపెట్టండి. ఎక్కువ శబ్దం వస్తుందని బాగా దగ్గరికి తెస్తే అయస్కాంతం తీగను లాగి, నాదం తొందరగా ఆగిపోతుంది; లావు తీగ పై ఫ్రెట్ల దగ్గర వణుకుతూ అపశ్రుతిగా వినిపిస్తుంది. తంబురా తీగ కింద నూలుపోగును వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ నాదం విచ్చుకునే చోటును వెతికేవారిని చూసినవారికి ఈ పని కొత్త కాదు. స్క్రూను ఒకసారికి పావు చుట్టు తిప్పి, వాయించి, మళ్లీ తిప్పాలి. ఈ పనులు చేతకాకపోతే తెలిసినవారి చేత ఒకసారి చేయించుకోండి. పికప్‌లు మార్చాలన్న కోరికను కనీసం ఒక ఏడాది వాయిదా వేయండి; సెటప్ తర్వాత చాలామందికి ఆ కోరిక ఉండదు. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో తీగలు తొందరగా తుప్పు పడతాయి కాబట్టి పూత వేసిన తీగలకు కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

పెడళ్లు, కరెంటు

పెడళ్ల విషయంలో పోలిక మూడింటి మధ్య చాలు. 1978లో వచ్చిన బాస్ డిఎస్-1 మధ్య ఫ్రీక్వెన్సీలను తగ్గించి పళ్లున్న డిస్టార్షన్ ఇస్తుంది. చిన్న స్పీకరులో ఇది ఈగలా వినిపిస్తుంది కనుక చిన్న యాంపు ఉన్నవారు కొనకూడదు. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్, 1981 నాటి బాస్ ఎస్‌డి-1 వంటి ఓవర్‌డ్రైవ్‌లు (డిస్టార్షన్ కంటే మెత్తని రకం పెడళ్లు) మంద్రాన్ని తగ్గించి మధ్యభాగాన్ని ముందుకు తోస్తాయి. డ్రైవ్ తక్కువగా, లెవెల్ ఎక్కువగా పెట్టి ఇప్పటికే కొద్దిగా జీర పలుకుతున్న యాంపులోకి పంపితే ధ్వనికి వెన్నెముక వస్తుంది. అందుచేత ఒక్క పెడలే కొనేటట్టయితే ఎస్‌డి-1 కొనండి. మూడోది జోయో అమెరికన్ సౌండ్. ఇది ఫెండర్ యాంపు స్వభావాన్ని అనుకరించే అనలాగ్ సర్క్యూట్. మిక్సర్‌లోకి నేరుగా గుచ్చినా వినదగినట్టు ఉంటుంది కాబట్టి ప్రాసెసర్ మెనూలు చూస్తే తల తిరిగేవారికి మంచి ప్రత్యామ్నాయం.

మధ్యభాగం గురించి ఒక హెచ్చరిక చేయాలి. తక్కువ వాల్యూమ్‌లో మన చెవి మంద్రాన్నీ, తారాన్నీ సరిగా పట్టుకోదు. అందుకే ఇంట్లో వాయించేవారు బాస్, ట్రెబుల్ పెంచి మిడ్ తగ్గిస్తారు. ఆ సెట్టింగుతోనే బృందంలోకి వెళితే కింది భాగాన్ని బాస్ గిటార్, పై భాగాన్ని సింబళ్లు ఆక్రమించి గిటార్ వినిపించకుండా పోతుంది. మిడ్ నాబ్‌ను నడిమికి తేవడం దీనికి విరుగుడు.

పెడళ్లకు ఎక్కువగా 9 వోల్టుల, మధ్యన నెగటివ్ ఉండే అడాప్టర్ కావాలి; ఒకే అడాప్టర్ నుంచి డిజిటల్, అనలాగ్ పెడళ్లను గొలుసుగా నడిపితే సన్నని కూత వినిపిస్తుంది. అంతకంటే ముఖ్యం ఎర్తింగ్. మూడో పిన్ను పెరికేసి రెండు రంధ్రాల బోర్డులో గుచ్చే అలవాటు మన ఇళ్లలో ఉంది. తీగలను ముట్టుకోగానే హమ్ తగ్గితే అది మామూలే. చేతికి జివ్వుమంటే మాత్రం వెంటనే ప్లగ్గు తీసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఆ గిటార్‌తో మైకు దగ్గరికి పెదవి తీసుకెళ్లడం ప్రాణాంతకం కావచ్చు. నేను అద్దెకున్న ఒక ఇంట్లో, నెలల తరబడి గిటార్‌దే తప్పనుకుని జాక్ రెండుసార్లు మార్పించిన తర్వాత గాని గోడలోని ఎర్త్ తీగ ఎక్కడికీ కలిసి లేదని తెలియలేదు.

డబ్బును ఎలా పంచాలని అడిగితే, మొత్తంలో సగానికి మించకుండా గిటార్‌కు, ఐదింట రెండు వంతులు యాంపుకో ప్రాసెసర్‌కో, మిగిలిన పదో వంతు సెటప్, తీగలు, మూడు మీటర్ల మంచి కేబుల్‌కు కేటాయిస్తాను. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ దాని కెపాసిటెన్స్ పెరిగి పైస్వరాల మెరుపు తగ్గుతుంది కాబట్టి గదిలో వాయించడానికి పది మీటర్ల తీగ అనవసరం. పై చదువులకు విదేశాలకు వెళ్లేవారు తమ సామగ్రిని అమ్ముకునే రోజుల్లో వాడిన యాంపులు చవకగా దొరుకుతాయి. యాంపును అలా కొనడంలో ప్రమాదం తక్కువ, గిటార్‌ను కొనాలంటే మెడ మెలి తిరగలేదని, ఫ్రెట్లు అరిగిపోలేదని చూడగలవారిని వెంట తీసుకెళ్లాలి. పరీక్షించేటప్పుడు గెయిన్ పూర్తిగా తగ్గించి, నాబ్‌లన్నీ నడిమిన పెట్టి, ఒక్కొక్క తీగను ఒక్కొక్క ఫ్రెట్ మీద నిదానంగా పలికించండి. గెయిన్ పెంచి వేగంగా వాయిస్తే అన్ని గిటార్లూ ఒకేలా వినిపిస్తాయి.